షాంగ్ కాలం కంచు పాత్రలు మైనంతో పోసినవేనా? 832 కిలోల డింగ్‌ని ఎలా పోసుంటారు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయండి. చైనాలో షాంగ్ రాజుల కాలం నాటి కంచు పాత్రల ఫోటోలు చూశారు, అంత సన్నటి నగిషీ ఉంది కాబట్టి మన చోళ విగ్రహాల్లాగే మైనం పద్ధతిలో పోశారా అని ఒకటి. 3000 ఏళ్ళ క్రితం క్రేన్ లేదు, కరెంటు కొలిమి లేదు, 800 కిలోలు దాటిన డింగ్ అనే కాళ్ళున్న పాత్ర ఎలా పోశారు, యూట్యూబ్‌లో చెప్తున్నట్టు అదేదో మాయమైపోయిన టెక్నాలజీనా అని రెండోది.

సూటిగా చెప్పేస్తాను. మైనం కాదు. మట్టి అచ్చు, అదీ ముక్కలుగా చేసి జోడించిన అచ్చు. మాయమైపోయింది కూడా ఏం లేదు, పని వరస దాదాపు మొత్తం తెలుసు, వాళ్ళు పగలగొట్టి పారేసిన అచ్చుల ముక్కలే తవ్వకాల్లో గుట్టలుగా దొరికాయి. ఇంకో మాట, కంచు కరిగించడం ఇందులో పెద్ద గొప్ప కాదు. అసలు పనితనం మట్టిలో ఉంది, ఆ తర్వాత అంతమంది మనుషుల్ని ఒక్కచోట కూర్చి పని చేయించడంలో ఉంది.

నేను చరిత్ర డిగ్రీ చేసినవాణ్ణి కాదు, ముందే చెప్తున్నా. బాలానగర్ వైపు ఫౌండ్రీ పని మాది, గన్‌మెటల్ బుష్‌లు, పంపు కేసింగులు, అప్పుడప్పుడు గుడి గంటలు పోస్తాం. మెషినరీ ఎగ్జిబిషన్ పని మీద షాంఘై వెళ్ళినప్పుడు అక్కడి మ్యూజియంలో కంచు గ్యాలరీ చూశాను, అప్పట్నుంచి ఈ పిచ్చి పట్టుకుంది, దొరికిందల్లా చదువుతూ వచ్చాను. కాబట్టి ఇదంతా పోత పోసేవాడి వైపు నుంచి చెప్తున్నది అనుకోండి.

మైనం పోత మీకు తెలిసే ఉంటుంది. మైనంతో బొమ్మ చేసి మీద మట్టి పూసి కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలో లోహం పోసి చల్లారాక మట్టి పగలగొడతారు. స్వామిమలైలో ఇప్పటికీ అదే, మన ఆదిలాబాద్ వైపు ఓజా వాళ్ళు మైనం తీగలు చుట్టి చేసే డోక్రా కూడా అదే, మొహెంజొదారో నర్తకి బొమ్మ కూడా ఆ పద్ధతిలో చేసిందే. మనకి కంచు బొమ్మ అనగానే మైనం గుర్తు రావడం అందుకే. కానీ చైనా వాళ్ళు మొదలుపెట్టింది వేరేచోట.

వాళ్ళు ఏం చేసేవాళ్ళంటే, ముందు కావాల్సిన పాత్రని మట్టితోనే అచ్చంగా చేసి దాని మీద నగిషీ చెక్కేవాళ్ళు. అది ఆరాక దాని చుట్టూ తడి మట్టి గట్టిగా అదిమి, కొంచెం బిగుసుకోగానే బత్తాయి తొనల్లా నిలువు ముక్కలుగా కోసి జాగ్రత్తగా ఊడదీసేవాళ్ళు. ఒక్కో ముక్క లోపలివైపు నగిషీ తిరగేసి పడి ఉంటుంది, ఇంకా సన్నటి గీతలు కావాలంటే ఆ ముక్కలోనే చెక్కుకోవచ్చు. తర్వాత మొదట చేసిన మట్టి పాత్రని పైనుంచి కొంత మందం గీకేస్తే అదే లోపలి కోర్ అయిపోతుంది, లేదా కోర్ విడిగా చేసుకునేవాళ్ళు. ముక్కల్ని కాల్చి, కోర్ చుట్టూ మళ్ళీ జోడిస్తే మధ్యలో గీకిన మందం అంత ఖాళీ ఉంటుంది కదా, కంచు పోసేది దాంట్లోకి. పాత్రని ఎక్కువగా తలకిందులుగా నిలబెట్టి కాళ్ళ వైపు నుంచి పోసేవాళ్ళు, ఒక కాలు లోహం దిగడానికి, ఇంకోటి గాలి బయటికి పోవడానికి. మేము రన్నర్, వెంట్ అని ఇప్పుడు పెట్టుకునేవి అవే.

ఇక్కడ ఫౌండ్రీలో పనిచేసే ఎవడికైనా వచ్చే మొదటి డౌట్, కోర్ కదిలితే? లోపలి మట్టి ముద్ద ఒక్క రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగినా పాత్ర ఒక వైపు దళసరిగా, ఇంకోవైపు చిల్లు పడి వస్తుంది. మేము చాప్లెట్లు అని చిన్న లోహపు బిళ్ళలు పెడతాం, కోర్‌కీ అచ్చుకీ మధ్య దూరం అవే పట్టుకుంటాయి, పోశాక లోహంలో కలిసిపోతాయి. షాంగ్ వాళ్ళు చేసింది కూడా అచ్చం ఇదే. పాత పగిలిన పాత్రల కంచు ముక్కల్ని బిళ్ళలుగా పెట్టేవాళ్ళు. ఎక్స్‌రే తీస్తే పాత్ర గోడలో ఆ బిళ్ళలు చుక్కల్లా వేరేగా కనపడతాయి, నగిషీ పాడవకుండా నున్నటి జాగా చూసి పెట్టారని కూడా తెలుస్తుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు మా మేస్త్రికి చూపించాను, ఆయన నవ్వి "అయితే మనం కొత్తగా పీకిందేం లేదన్నమాట" అన్నాడు.

షాంఘైలో నేను దగ్గరగా చూసింది కూడా చెప్పాలి. అక్కడ డా కె డింగ్ అని, షాంగ్ తర్వాత వచ్చిన ఝౌ రాజుల కాలం పాత్ర ఒకటి ఉంది, 201.5 కిలోలు, దాదాపు మీటరు ఎత్తు, లోపలి గోడ మీద 290 అక్షరాల శాసనం. జనం అక్షరాలు చూసి ముందుకెళ్ళిపోతున్నారు, నేను మాత్రం అక్షరాల మధ్య గళ్ళు చూస్తూ నిలబడ్డాను. శాసనం ముందు సగంలో అక్షరాల చుట్టూ సన్నటి గళ్ళ గీతలు పైకి ఉబ్బి ఉన్నాయి. కంచు మీద ఎవడూ అలా ఉబ్బెత్తు గీత గీయడు, అక్షరాలు సరిగ్గా కుదరడానికి మట్టి మీద పుల్లతో గీసుకున్న గాడి అది, పోశాక ఉబ్బెత్తుగా తేలింది. అంటే శాసనం రాసిన మనిషి చెయ్యి ఆడింది మట్టి మీద. చాలా పాత్రల్లో శాసనాలు కోర్ వైపు ఉండే లోపలి గోడ మీదే ఉంటాయి, కారణం ఇదే. ఆ గ్యాలరీలో చాలా పాత్రల అడుగున, కాళ్ళ పక్కన వంగి చూస్తే అచ్చు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత కూడా కనపడుతుంది. పార్టింగ్ లైన్. మేము గ్రైండర్ పెట్టి కొట్టేస్తాం, వాళ్ళు రాయితో అరగదీశారు, అడుగున ఎవరు చూస్తారులే అని వదిలేసినట్టున్నారు.

మైనం పోతలో ఇలా జోడింపు గీత ఉండే పనే లేదు. మీ ప్రశ్నకి ఒక్క రుజువు చాలంటే ఇదే రుజువు.

ఇప్పుడు నాకు బాగా నచ్చే విషయానికి వస్తా. ఆ పాత్రల రూపం మొత్తం అచ్చులోంచే వచ్చింది. ఫోటోల్లో మీరు చూసే ఉంటారు, గుడ్లు ఉరిమి చూస్తున్న ఒక జంతువు ముఖం, తావ్‌తియే అంటారు, ముక్కు మధ్యలో నిలువు గీత, దానికి అటూ ఇటూ సరిసమానంగా కన్ను, కొమ్ము, దవడ. పక్క నుంచి చూస్తే రెండు డ్రాగన్లు ఎదురెదురుగా నిలబడ్డట్టు ఉంటుంది. దాని అర్థం మీద పండితులు వందేళ్ళుగా కొట్టుకుంటున్నారు, దాంట్లోకి నేను వెళ్ళను. కానీ గుండ్రటి పాత్రని నిలువుగా సమాన భాగాలుగా కోస్తే ఒక్కో భాగంలో ఒక్కో బొమ్మ, అటూ ఇటూ అద్దంలో చూసినట్టు పెట్టుకోవడం పనివాడికి ఎంత సుళువో ఆలోచించండి. ఇంకా పాత్రల అంచుల్లో నిలువుగా రంపం పళ్ళలాంటి కట్టు ఒకటి ఉంటుంది చూడండి, అది చాలాసార్లు సరిగ్గా రెండు ముక్కలు కలిసే చోటే ఉంటుంది. ముక్కలు కొంచెం తేడాగా కూర్చున్నా, సందులోంచి లోహం కారి పొలుసు వచ్చినా ఆ కట్టులో కలిసిపోతుంది. లోపాన్ని దాచడానికి పెట్టుకున్నది తర్వాత అలంకారం అయిపోయింది. పండితుల్లో దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, నగిషీ ముందు వచ్చింది, అచ్చు దానికి తగ్గట్టు కోశారు అంటారు. పని చేసేవాడిగా నాకైతే రెండూ ఒకదాన్ని ఒకటి లాక్కుంటూ పెరిగాయనే అనిపిస్తుంది.

మట్టి సంగతి. ఉత్తర చైనాలో పసుపుపచ్చ నది చుట్టూ లోయస్ అని గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మెత్తటి మట్టి ఉంటుంది, మనం స్కూల్లో జాగ్రఫీలో చదువుకున్నాం. దాంట్లో ఎక్కువ భాగం పిండిలాంటి సన్నటి ఇసుక రేణువులు, బంకమన్ను తక్కువ. బంక తక్కువైతే ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోవడం తక్కువ, అంటే పది ముక్కలు విడివిడిగా కాల్చినా మళ్ళీ జోడిస్తే కూర్చుంటాయి. రేణువు సన్నం కాబట్టి వెంట్రుకవాసి గీత కూడా పడుతుంది. అచ్చుల్ని కుండల్లా గట్టిగా కాల్చేవాళ్ళు కూడా కాదు, తక్కువ వేడిలోనే కాల్చేవాళ్ళు, మట్టి గుల్లగా ఉండి గాలి పీల్చుకోవడానికి.

దీని విలువ ఎంతో మాకు చేసి చూస్తేనే అర్థమైంది. ఒకసారి పండగ సెలవుల్లో ఫౌండ్రీ ఖాళీగా ఉన్నప్పుడు మా మేస్త్రి, నేను కలిసి ఒక చిన్న మూడుకాళ్ళ గిన్నె ఇలా ముక్కల అచ్చుతో పోద్దామని కూర్చున్నాం. చెరువు మట్టి తెచ్చి చేస్తే నీడలో ఆరేసరికే నెర్రెలిచ్చింది, ముక్కలు ఒకదానికొకటి కూర్చోలేదు. మోల్డింగ్ ఇసుక కలిపితే నెర్రెలు తగ్గాయి గానీ గీతలు పట్టలేదు, అన్నీ మొద్దుబారి వచ్చాయి. ఊక కాల్చిన బూడిద సన్నగా జల్లెడ పట్టి కలిపాక అప్పుడు కాస్త దారికొచ్చింది, గిన్నె పోయగలిగాం, నగిషీ ఒక మోస్తరుగా తేలింది. తర్వాత చదివితే తెలిసింది, చైనా పాత అచ్చుల్ని మైక్రోస్కోప్ కింద పెట్టిన వాళ్ళు వాటిలో కూడా మొక్కల బూడిద తాలూకు రేణువులున్నాయని రాశారు. అంటే మంచి మట్టి ఉన్నవాళ్ళు కూడా ఊరికే తవ్వి వాడలేదు, కడిగి, కలిపి, తయారు చేసుకున్నారు. అందుకే నేను ఎప్పుడూ అంటుంటా, షాంగ్ కంచు కంసాలి పని కంటే ఎక్కువ కుమ్మరి పని. వేడి విషయంలో కూడా కుమ్మరే ముందున్నాడు. రాగి కరిగేది 1085 డిగ్రీల దగ్గర, పది పన్నెండు శాతం తగరం కలిపితే 1000 దగ్గరికి దిగిపోతుంది. అదే కాలంలో వాళ్ళ కుండల బట్టీలు 1200 దాకా వెళ్ళి, పింగాణీకి తాతలాంటి గ్లేజు పాత్రలు కాలుస్తున్నాయి.

ఇప్పుడు మీ 832 కిలోల పాత్ర. దాని పేరు హౌమువు డింగ్, పాత పుస్తకాల్లో సిమువు డింగ్ అని ఉంటుంది, రెండూ ఒకటే. 1939లో హెనాన్ రాష్ట్రం అన్యాంగ్ దగ్గర ఒక పల్లెటూళ్ళో రైతులకి దొరికింది. జపాన్ సైన్యం ఆ ప్రాంతంలో ఉన్న రోజులు, ఊళ్ళోవాళ్ళు ముక్కలు కోసి అమ్ముదామని చూశారు, కుదరలేదు, మళ్ళీ భూమిలోనే పాతేశారు, 1946లో బయటికి తీశారు. ఈ గొడవలో ఒక చెవి పోయింది, ఇప్పుడు బీజింగ్ నేషనల్ మ్యూజియంలో ఉన్నదానికి ఒక చెవి తర్వాత చేసి పెట్టింది. బరువు 832.84 కిలోలు, ఎత్తు 133 సెంటీమీటర్లు. షాంగ్ రాజు వు డింగ్ (ఇక్కడ డింగ్ అనేది ఆయన పేరులో భాగం, పాత్ర కాదు) భార్యల్లో ఒకావిడ కోసం ఆమె కొడుకు చేయించాడని శాసనాన్ని బట్టి అంటారు.

లోహం పరీక్ష చేస్తే రాగి 84.77, తగరం 11.64, సీసం 2.79 శాతం వచ్చింది. మేము రోజూ పోసే 88-10-2 గన్‌మెటల్‌కి ఇది మరీ దూరం కాదు, మాది జింకు, వాళ్ళది సీసం. సీసం వేస్తే కరిగిన కంచు సన్నటి సందుల్లోకి కూడా బాగా పారుతుంది, అది వాళ్ళకి తెలుసు.

ఒంటి భాగం, నాలుగు కాళ్ళు కలిపి ఒకే పోత. చెవులు మాత్రం తర్వాత, ఒంటి మీదే చిన్న అచ్చు కట్టి విడిగా పోసి అతికించారు. ఒకే పోత అంటే ఏంటో కొంచెం చెప్పాలి. లోహం పోయడం మధ్యలో ఆగకూడదు, ఆగితే ముందు పోసింది బిగుసుకుని తర్వాత పోసింది దాంతో కలవదు, కోల్డ్ షట్ అంటాం, చూడ్డానికి పగులులాగే ఉంటుంది. అంటే వెయ్యి కిలోల దాకా కంచు ఒకేసారి కరిగి రెడీగా ఉండాలి, ఒకే వేడిలో ఉండాలి. పాత పుస్తకాల్లో 70, 80 చిన్న మూసల్లో కరిగించి వరసగా మోసుకొచ్చి పోశారని రాస్తారు, ఇప్పుడు దాన్ని ఎక్కువమంది ఒప్పుకోవట్లేదు. అన్యాంగ్‌లోనే ఫౌండ్రీ చోట్లు తవ్వితే పెద్ద కొలుముల గోడల ముక్కలు దొరికాయి. కొన్ని పెద్ద కొలుములు చుట్టూ పెట్టి మట్టి కాలవల్లోంచి నేరుగా అచ్చులోకి వదిలారంటే నాకు నమ్మబుద్ధేస్తుంది, మూసలతో మోస్తే సగం మూసలు దారిలోనే చల్లారిపోతాయి. అచ్చు కూడా ముందే వేడిగా ఉండాలి, చెమ్మ ఉంటే ఆవిరి కొట్టి లోహం ఎగజిమ్ముతుంది, ఆ సైజులో అయితే చుట్టూ ఉన్నవాళ్ళు బతకరు.

కొలిమి ఊదేవాళ్ళు, బొగ్గు కాల్చేవాళ్ళు, అచ్చులవాళ్ళు, నగిషీవాళ్ళు, మోసేవాళ్ళు... వీళ్ళందరికీ తిండి పెట్టేవాడు ఒకడుండాలి కదా. అక్కడే ఇది లోహం కథ నుంచి రాజ్యం కథ అవుతుంది. రాగి, తగరం అన్యాంగ్ పక్కన ఊరికే దొరికేవి కాదు. దక్షిణాన యాంగ్జీ నది వైపు జియాంగ్సీలోని టోంగ్‌లింగ్‌లో షాంగ్ కాలం నాటి రాగి గనులు, కర్ర దూలాలు కట్టిన సొరంగాలతో సహా బయటపడ్డాయి. హూబేలోని పాన్‌లాంగ్‌చెంగ్‌లో షాంగ్ వాళ్ళు అంతకుముందే కోట కట్టుకుని కూర్చున్నారు, ఆ రాగి దారి మీద కన్నుతోనే అని చాలామంది అంటారు.

ఇంత ఖర్చు పెట్టి చేసింది వంట పాత్ర. అవును, డింగ్ అంటే మాంసం ఉడికించే, వడ్డించే పాత్ర, గుయి అంటే అన్నంలాంటి ధాన్యానికి, జుయె అంటే మూడుకాళ్ళ మధుపాత్ర. కాకపోతే తినేది చనిపోయిన పెద్దలు. పితృదేవతలకి మాంసం, మద్యం పెట్టి, తాబేలు చిప్పలు, ఎద్దు జబ్బ ఎముకలు కాల్చి ఆ పగుళ్ళలో వాళ్ళ జవాబు చదువుకునేవాళ్ళు. ఆ ఎముకల మీద రాసిందే ఇప్పటికి దొరికిన వాటిలో చైనా తొలి రాత, 1899లో పండితులు గుర్తించారు, 1928 నుంచి అన్యాంగ్‌లో తవ్వకాలు మొదలయ్యాయి. 1976లో దోపిడీ కాకుండా దొరికిన ఫూ హావ్ సమాధి ఒక్కటి చూడండి. ఆమె కూడా వు డింగ్ భార్యే, సైన్యాలు నడిపిన మనిషి, ఎముకల శాసనాల్లో ఆమె పేరు మీద 13,000 మంది సైన్యం లెక్క ఉంది. మరీ పెద్ద సమాధి కూడా కాదు, అయినా అందులో 468 కంచు వస్తువులు, మొత్తం దాదాపు 1600 కిలోలు. ఆమెతో పాటు పాతిన మనుషులు 16 మంది. ఆ పాత్రల అందం గురించి మాట్లాడేటప్పుడు ఈ ముక్క మింగేయడం నాకు ఇష్టం ఉండదు.

క్రీ.పూ. 1046 ప్రాంతంలో ఝౌ వాళ్ళు షాంగ్‌ని ఓడించాక తాగుడు వల్లే వాళ్ళు చెడిపోయారని ప్రచారం చేశారు, ఆ తర్వాత కొన్ని తరాల్లో మధుపాత్రలు తగ్గిపోయి డింగ్‌లు, గుయిలు పెరిగాయి. ఎవరికి ఎన్ని డింగ్‌లు అనేది కూడా హోదా లెక్క అయిపోయింది, రాజుకి తొమ్మిది, కిందివాళ్ళకి ఏడు, అయిదు, మూడు. క్రీ.పూ. 606లో చూ రాజ్యపు రాజు జువాంగ్ సైన్యంతో ఝౌ రాజధాని దగ్గరికొచ్చి "మీ తొమ్మిది డింగ్‌లు ఎంత బరువుంటాయి?" అని అడిగాడట. సింహాసనం మీద కన్నేశానని చెప్పడమే అది. ఝౌ దూత "సంగతి ధర్మంలో ఉంది, డింగ్‌లలో లేదు" అని తిప్పి పంపాడు. చైనీస్‌లో ఇప్పటికీ గెలుపు కోసం పోటీకి దిగడాన్ని డింగ్ గురించి అడగడం అనే అంటారు, ఫుట్‌బాల్ వార్తల్లో కూడా.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి, లేకపోతే నేను చెప్పినదాన్ని మీరు ఎక్కడో కోట్ చేసి ఇరుక్కుంటారు.

ముక్కల అచ్చు అంటే ఫ్యాక్టరీలా ఒకే అచ్చుతో వందలు తీశారని కాదు. షాంగ్ పాత్రలకి అచ్చు చాలావరకు ఒక్క పోతకే, జంటగా చేసినవి కూడా కొలిచి చూస్తే తేడాలుంటాయి. తర్వాత, క్రీ.పూ. ఆరో శతాబ్దం ప్రాంతంలో షాన్సీలోని హౌమా ఫౌండ్రీలో మాత్రం ఒక చిన్న మట్టి దిమ్మ మీద నగిషీ చెక్కి దాన్నుంచి మళ్ళీ మళ్ళీ ముద్రలు తీసి అచ్చులో అతికించే పద్ధతి పెట్టారు. అది నిజంగా ఇప్పటి ప్రొడక్షన్ బుర్ర.

మైనం అసలే తెలియదా అంటే, తర్వాత వచ్చింది. క్రీ.పూ. ఆరో శతాబ్దపు చూ రాజ్యపు సమాధిలో దొరికిన ఒక కంచు బల్ల, అయిదో శతాబ్దపు జెంగ్ అనే రాజ్యం ప్రభువు యి సమాధిలోని జాలీలా అల్లుకుపోయిన ఒక మధుపాత్ర, ఇవి మైనంతోనే అని ఎక్కువమంది అంటారు. కాదు, అవి కూడా ముక్కల అచ్చులే అనే చైనా పండితులూ ఉన్నారు. ఫోటో చూస్తే నాకైతే మైనమే అనిపిస్తుంది, ఆ మెలికల్లోంచి మట్టి ముక్క ఊడదీయడం నా ఊహకి అందట్లేదు.

ఆ యి ప్రభువు సమాధిలోనే, హూబేలోని సుయిజౌ దగ్గర, 1978లో 65 గంటల సెట్టు ఒకటి దొరికింది. క్రీ.పూ. 433 నాటిది, గంటలే మొత్తం రెండున్నర టన్నులు. గుడి గంటలు పోసేవాడిగా నాకు ఇది డింగ్ కంటే గొప్ప పని. మన గంట గుండ్రం, ఎక్కడ కొట్టినా ఒకటే మోత, చాలాసేపు మోగుతుంది. వాళ్ళ గంట అడ్డకోత బాదంగింజ ఆకారంలో ఉంటుంది, మధ్యలో కొడితే ఒక స్వరం, పక్కన కొడితే ఇంకో స్వరం, మోత త్వరగా ఆగిపోతుంది కాబట్టి పాట వాయించొచ్చు. ఒక్కో గంట మీద ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో బంగారం పొదిగిన అక్షరాల్లో రాసుంది. లోపలివైపు అరగదీసి శ్రుతి సరిచేసిన గుర్తులున్నాయి. ఒక గంట శ్రుతి కుదరడానికే మాకు తల ప్రాణం తోకకొస్తుంది, ఇన్ని గంటలకి రెండేసి స్వరాలు చొప్పున కుదర్చాలంటే ముందే మందం ఎక్కడెంత ఉండాలో లెక్క తెలిసుండాలి.

షాంగ్ కంటే ముందు ఉందని చెప్పే షియా వంశం గురించి కూడా ఒక మాట. లోయాంగ్ దగ్గర ఎర్‌లితౌలో క్రీ.పూ. 1700, 1500 మధ్య చిన్న పల్చటి జుయె పాత్రలు దొరికాయి, ఇదే ముక్కల అచ్చు పద్ధతి, ఇప్పటికి తెలిసిన తొలి కంచు పాత్రలు అవే. అదే షియా రాజధాని అని చైనా పండితుల్లో చాలామంది నమ్ముతారు, కానీ మేం షియా అని చెప్పే ఒక్క రాత కూడా అక్కడ దొరకలేదు. కాబట్టి ఎర్‌లితౌ అని రాయండి, గొడవ ఉండదు.

ఇక యూట్యూబ్ సంగతి. గ్రహాంతరవాసులు అని చూపించే ఆ గుడ్లు ముందుకు పొడుచుకొచ్చిన ముఖాలు సిచువాన్‌లోని సాన్‌షింగ్‌దుయివి. 1986లో రెండు గోతులు, ఈమధ్య ఇంకో ఆరు తవ్వారు. నిలబడిన మనిషి బొమ్మ దిమ్మతో కలిపి 2.6 మీటర్లు, కంచు చెట్టు దాదాపు 4 మీటర్లు. రూపం షాంగ్‌కి పూర్తిగా వేరు, నిజమే, కానీ పోసిన పద్ధతి చూస్తే మళ్ళీ ముక్కల అచ్చులే, భాగాలుగా పోసి ఒకదాని మీద ఒకటి అతికించారు, అతుకులు కనపడుతూనే ఉంటాయి. గ్రహాంతరవాసులకి అతుకులెందుకు?

ఇంకోటి, చిన్ చక్రవర్తి మట్టి సైన్యం దగ్గర దొరికిన కత్తులకి 2000 ఏళ్ళ క్రితమే క్రోమ్ ప్లేటింగ్ చేశారు, అందుకే తుప్పు పట్టలేదు అని ప్రతి వీడియోలో చెప్తారు. 2019లో ఒక పరిశోధక బృందం ఆ ఆయుధాలు పరీక్షించి తేల్చింది ఏంటంటే, ఆ క్రోమియం పిడులకీ కర్ర భాగాలకీ పూసిన లక్క నుంచి అంటుకున్నది, కత్తి నిగనిగలాడటానికి కారణం ఎక్కువ తగరం, అక్కడి మట్టి గుణం. తగరం ఎక్కువుంటే తుప్పు తక్కువ అనేది మా షాపులో కుర్రాడు కూడా చెప్తాడు.

ఆకుపచ్చ రంగు గురించి కూడా చాలామంది అదే అసలు రంగు అనుకుంటారు. భూమిలో వేల ఏళ్ళు ఉండి పట్టిన చిలుము అది. పోసి రుద్దిన రోజు హౌమువు డింగ్ లేత బంగారం రంగులో మెరిసి ఉంటుంది, గన్‌మెటల్ బుష్ లేత్ మీద తిప్పినప్పుడు ఏ రంగొస్తుందో సుమారు ఆ రంగు.

మీ రెండో ప్రశ్న కింద ఎవరో "మరి ఆ జ్ఞానం ఎటు పోయింది" అని కామెంట్ పెట్టారు. ఎటూ పోలేదండి, ఇనుములోకి పోయింది. క్రీ.పూ. అయిదో శతాబ్దానికల్లా వాళ్ళు ఇనుముని కరిగించి పోత పోస్తున్నారు, నాగలి కర్రులు, పారలు అచ్చుల్లో తీస్తున్నారు. యూరప్‌లో పోత ఇనుము మామూలు అవడానికి 14, 15 శతాబ్దాల దాకా పట్టింది. మంచి కొలిమి, మంచి మట్టి అచ్చు ముందే చేతిలో ఉన్నాయి కాబట్టి వాళ్ళకి పోత పోయాలనే తోచింది. మనవైపు ఇనుము సుత్తి దారిలో, మూస ఉక్కు దారిలో వెళ్ళింది, నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్ళు. రెండూ గొప్ప దారులే, ఎవరు ముందు అని పోట్లాట పెట్టుకోకండి, కామెంట్లలో ఆల్రెడీ మొదలైనట్టుంది.

మీ దగ్గరున్న ఫోటోలు అడుగు భాగం, కాళ్ళు కనపడేలా ఉంటే ఇక్కడ పెట్టండి, జోడింపు గీతలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి చూపిస్తాను. ముందు వైపు నుంచి తీసిన ఫోటోలైతే పెద్దగా ఉపయోగం ఉండదు, వాటిలో ఆ గీతల్ని బాగానే అరగదీసేశారు.